కుక్క వాటా

మా అన్న మల్లేశానికి కుడి డొక్కలో బరువు మొదలై చాలా కాలమైంది. ఆయన దాన్ని గ్యాసనీ, కోడలు వండే పప్పు పడడం లేదనీ చెప్పుకుంటూ తిరిగాడు. తిన్నది లోపల నిలవని పరిస్థితి వచ్చాక నేనే దగ్గరుండి రాయదుర్గం మెట్రో స్టేషను అవతలి పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అద్దాల గోడలు, కాఫీ వాసన, అడుగు పెట్టగానే పెళ్లికొచ్చిన వాళ్లను పలకరించినట్టు పలకరించే పిల్లలు. అన్న గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. వేసుకో అన్నా, ఇదేమన్నా గుడా అని నేను కసిరితే, "గింత నున్నటి బండ మీద చెప్పులతోని ఎట్ల నడుస్తమే" అన్నాడు. ఆ దవాఖాన లేచిన చోట ఒకప్పుడు గుట్ట ఉండేది. ఆ గుట్ట మీద ఆయన వట్టి కాళ్లతోనే గొర్లు కాశాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

స్కానింగ్ అయ్యాక మమ్మల్ని లోపలికి పిలిచిన డాక్టరమ్మ మా చిన్నకూతురి ఈడు పిల్ల. మాటను బట్టి గుంటూరు వైపు మనిషి. తెర మా వైపు తిప్పి, కాలేయంలో నల్లగా గుండ్రంగా ఉన్నదాన్ని వేలితో చూపించింది. దాని లోపల మళ్లీ చిన్న చిన్న గుండ్రాలున్నాయి. నేను క్యాన్సర్ అనే మాట ఎప్పుడు వస్తుందా అని బిగుసుకుని కూర్చున్నాను. ఆ పిల్ల మాత్రం, "పెద్దాయనా, చిన్నప్పుడు మీ ఇంట్లో కుక్కలుండేవాండి?" అని అడిగింది. ఈమెకు మతి గానీ తప్పిందా అనుకున్నాను. అన్న మొహం మాత్రం విప్పారింది. "ఉండుడేంది డాక్టరమ్మా, కుక్కల నడుమనే పెరిగిన. మేం కురుమోళ్లం. మంద ఉన్నదంటె కుక్క ఉండాలె గద" అన్నాడు. "గొర్రెను కోసినప్పుడు లోపల పాడైన ముక్కలు కుక్కలకు వేసేవాళ్లాండి?" అందామె. అన్న నా వైపు చూశాడు. మా ఇంట్లో అది వేయడం కాదు, వాటా పెట్టడం.

ఆమె ఓపిగ్గా చెప్పింది. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీళ్ల బుడగలుంటాయి. వాటిని కుక్క పచ్చిగా తింటే దాని పేగుల్లో సన్నటి పురుగులవుతాయి. కుక్కకు ఏ బాధా ఉండదు. దాని పెంటతో పాటు ఆ పురుగుల గుడ్లు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రెలో మళ్లీ బుడగ పుడుతుంది. కుక్క ఒంటి వెంట్రుకలకు అంటుకున్న గుడ్లు చేతికంటుకుని, చేతిలోంచి నోట్లోకి పోతే మనిషికీ అంతే. ఏళ్లకేళ్లు చప్పుడు లేకుండా పెరుగుతుంది. మందులిచ్చి, తర్వాత ఆపరేషన్ చేసి తీసేస్తాం, భయపడకండి అంది. "అది పలిగితే ఏమైతది తల్లీ?" అన్నాడు అన్న. "పగలనివ్వకూడదండి. దెబ్బ తగిలి పగిలితే ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేచి, ఊపిరాడక మనిషి అక్కడికక్కడే పోవచ్చు" అంది. ఆమె ఇంకేదో చెబుతూనే ఉంది. మేం వినడం లేదు. అన్న నా మోచేయి పట్టుకుని, "లచ్చక్క" అన్నాడు.

లచ్చవ్వ మా అక్క. మా ముగ్గురిలో పెద్దది. పెళ్లి కాకుండానే కడుపు తెచ్చుకుని, దాన్ని పోగొట్టుకోవడానికి ఏదో పసరు మింగి చచ్చిపోయిందని ఊరంతా నమ్మింది. మా నాయిన నమ్మాడు. మేమూ నమ్మాం. ఆమె పోయి నలభై ఏళ్లు దాటింది, ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. దవాఖాన గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ అన్న ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. నాకు కోపమే వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

మా ఇల్లు గోపన్‌పల్లిలో. ఇప్పుడు ఆ పేరు చెబితే ఏ అపార్టుమెంటని అడుగుతారు. అప్పుడు ఎవరి బిడ్డవని అడిగేవారు. పక్కనున్న యూనివర్సిటీ గోడ అప్పటికింకా అంతటా లేవలేదు. ఆ బండల నడుమ, సీతాఫలం చెట్ల నడుమ మా మంద ఎంత దూరమైనా పోయేది. మా వాడకట్టులో అన్నీ కురుమ ఇళ్లే. ప్రతి ఇంటి ముందూ తుమ్మకంప దడితో ఒక దొడ్డి. నాకు గుర్తున్న ఇంటి వాసనంటే తడిసిన ఉన్ని, గొర్రె మూత్రం, వాటి మధ్యలో జొన్న గట్క ఉడుకుతున్న కమ్మటి ఆవిరి. నేను బడికి పోతే పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఇంటికొచ్చి ఏడిస్తే నాయినమ్మ ఉన్ని వడుకుతూనే, "గా వాసన తోనే నీ కడుపు నిండుతున్నది, పోయి పండు" అనేది. ఆమె మాటలన్నీ అలాగే ఉండేవి. ఆ ఇంట్లో ఆమె చెప్పింది చెల్లేది. మా నాయిన మీసాలున్న మనిషే గానీ తల్లి ముందు గొంతు లేచేది కాదు. కోడలైన మా అమ్మ కొమురమ్మ సంగతి ఇక చెప్పేదేముంది. తెల్లవారకముందే లేచి పెంటికలు ఊడ్చి గంపకెత్తేది, నీళ్లు తెచ్చేది, గట్క కలిపేది, అందరూ తిన్నాక తినేది. ఆమె మాట్లాడిన మాటల కంటే ఆమె చేతి గాజుల చప్పుడే నాకు ఎక్కువ గుర్తు.

మా కుక్క పేరు కర్రెగాడు. నల్లగా, దూడంత ఉండేవాడు. మల్లన్న దేవుడి వెంట కుక్క ఉంటుంది కదా, అందుకని మా కులంలో కుక్కను కొట్టరు, తిట్టరు. ఆదివారం మల్లన్న వారం. ఆ రోజు మొదటి ముద్ద కుక్కకు పెట్టాకే ఇంట్లో ఎవరైనా తినాలి. గొర్రెను కోసినా, జబ్బు చేసి తానే చచ్చినా, తొలి వాటా కుక్కది. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద డాక్టరమ్మ చెప్పిన ఆ నీళ్ల బుగ్గలుంటే ఆ ముక్కలు తీసి దాని వాటాలో కలిపేవారు. ఆ వాటాను ఇంటి కోడలే తన చేత్తో మోదుగాకులో పెట్టాలి. వేరే వాళ్లు పెడితే మందకు అరిష్టమని నాయినమ్మ పట్టు. అమ్మ చెంగు నడుముకు దోపుకుని, దొడ్డి మూలన ఆకు పరిచి, దండం పెట్టుకుని, ఆ వేడి వేడి ముక్కలు ఆకులో పెట్టేది. కర్రెగాడు ఆమె చేయి కూడా నాకేవాడు. అదే చేతిని చెంగుకు తుడుచుకుని మాకు గట్క పెట్టేది. ఇందులో ఏదో ఉందని ఆ రోజుల్లో ఎవరికి తోచేది? నాకు కుక్కంటే భయం, దాని దరిదాపులకు పోయేదాన్ని కాదు. అన్న దొడ్డిలో దాని పక్కనే గొంగడి కప్పుకుని పండుకునేవాడు. అక్కకైతే అది ప్రాణం. దాని మెడ కౌగిలించుకుని ఒళ్లంతా వెతికి పిడుదులు ఏరేది. దానికి తన రొట్టెలో సగం తుంచి పెట్టి, మిగతా సగం తాను తినేది.

అక్క పోకముందు ఒక ఏడు మందలో తిరుగుడు రోగం మొదలైంది. బాగా మేస్తున్న గొర్రె ఉన్నట్టుండి తల ఒక పక్కకు వంచేది. మందలోంచి విడిపోయి ఒకటే వైపు గుండ్రంగా తిరిగేది. గడ్డి ముందున్నా కనపడేది కాదు. చివరికి దొడ్డి గోడకు నెత్తి ఆనించి, ఎవరో శిక్ష వేసినట్టు అలాగే నిలబడిపోయేది. నాయిన వాతలు పెట్టాడు, మల్లన్నకు మొక్కాడు, పక్క ఊరి మంత్రగాణ్ణి పిలిచాడు. ఏదీ పనిచేయక, చచ్చేలోపు కోసేవాడు. తలకాయ గొడ్డలితో పగలగొడితే భేజా పక్కన నిమ్మకాయంత నీళ్ల బుగ్గ ఉండేది, తెల్లటి పల్చటి పొరలో నీళ్లు, నీళ్లలో నూకల్లాంటి గింజలు. దాన్ని చూసి నాయినమ్మ చెంపలేసుకునేది. "గొర్రె నెత్తికెక్కిన గాలి గిదే. గిది మల్లన్న కుక్క కడుపుల పడ్డదంటె ఆడికే సరి. మల్లా ఏ జీవానికి పట్టది" అనేది. మా వాడకట్టులో అందరి నమ్మకమూ అదే. రోగాన్ని కుక్కకు తినిపిస్తే రోగం పోతుందని. అమ్మ ఆ బుగ్గను రెండు చేతుల్లో చిదమకుండా పట్టుకుని తీసుకుపోయి మోదుగాకులో పెట్టేది. చిదిమితే గాలి బయటికొస్తుందని భయం. కర్రెగాడు ఒక్క గుటకలో మింగేవాడు. నెల తిరిగేసరికి ఇంకో రెండు గొర్లు తిరగడం మొదలుపెట్టేవి. అప్పుడు ఆ వాటాలు కూడా వాడికే. డాక్టరమ్మ చెప్పింది విన్నాక నాకు ఇదంతా కళ్ల ముందు ఆడింది. నెత్తిలో బుగ్గ వేరే పురుగుది, కాలేయంలోది దానికి దాయాది, రెండూ కుక్క కడుపులోంచే వస్తాయట. మా మందను చంపుతున్నదాన్ని మేమే పూజ చేసి పెంచుకున్నాం.

చెప్పేవాళ్లు లేక కాదు. పశువుల దవాఖాన నుంచి ఒక డాక్టరు స్కూటరు మీద వచ్చేవాడు. ఆయనదీ కోస్తా వైపే. మంచి మనిషి, గొర్రె కాలు తొక్కినా విసుక్కునేవాడు కాదు. తిరుగుతున్న గొర్లను చూసి, కోసిన తలను చూసి, చివరికి కర్రెగాడిని చూశాడు. "జబ్బు మీ గొర్రెల్లో పుట్టలేదయ్యా, ఈ కుక్క కడుపులో ఉంది. ముందు దీనికి పురుగుల మందు వేయాలి" అన్నాడు. కాగితం పొట్లంలో తెల్ల గోలీలిచ్చాడు. ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పాడు. మందు వేసిన రోజుల్లో కుక్కను కట్టేయండి, అది విడిచిన పెంట గుంట తీసి పూడ్చండి, తలకాయలూ కార్జాలూ పచ్చిగా పెట్టకండి, ఉడకబెట్టండి లేకపోతే కాల్చేయండి అన్నాడు. నాయిన చేతులు కట్టుకుని ప్రతి మాటకూ "అట్లనే సారూ" అన్నాడు. స్కూటరు మలుపు తిరిగిందో లేదో, నాయినమ్మ కదురు పక్కన పెట్టింది.

"మల్లన్న కుక్క కడుపుల రోగమున్నదంటడా? ఆని నోట్ల మన్ను పడ" అంది. నాయినకు దేవుడి కంటే గోలీల మీదే దృష్టి ఉంది. పొట్లం అటూ ఇటూ తిప్పుతూ, "కుక్క మంచిగనే ఉన్నది గదనే అవ్వా. తింటున్నది, మొరుగుతున్నది. సచ్చేటియి గొర్లు. రోగం ఒకలకు, మందు ఒకలకా?" అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. అన్నకూ నచ్చింది, నాకూ నచ్చింది. బాగున్నవాడికి మందేసి బాగాలేనివాణ్ణి వదిలేయడం ఏం న్యాయం? సర్కారు మందు సర్కారు వాళ్లకు తోచినట్టు చెబుతారు, మన జీవాల సంగతి మనకు తెలియదా అనుకున్నాం. అమ్మ ఆ గోలీలన్నీ రోట్లో నూరింది, బెల్లం నీళ్లలో కలిపింది. నాయిన వెదురు గొట్టంతో ఒక్కొక్క గొర్రె గొంతులో పోశాడు. కర్రెగాడు పక్కన కూర్చుని తోక ఊపుతూ చూశాడు. తర్వాత కొన్ని గొర్లు చచ్చాయి, కొన్ని అసలు రోగం పట్టనివి బతికాయి. బతికినవాటిని చూపించి నాయిన మందు పనిచేసిందన్నాడు. డాక్టరు మళ్లీ వచ్చినప్పుడు, "మందు వేశారా?" అని అడిగాడు. "ఏసినం సారూ" అన్నాడు నాయిన. అది అబద్ధం కాదు. ఎవరికి వేశారని ఆయన అడగలేదు. అడగాలని ఆయనకు మాత్రం ఎలా తోస్తుంది.

అక్క కడుపు లేవడం మొదలైంది ఆ తర్వాతే. అప్పటికే ఆమెకు కొండాపూర్ సంబంధం ఖాయమైంది. సన్నటి మనిషి కాబట్టి తొందరగానే కనపడింది. మొదట కుడి పక్క, తర్వాత ముందుకి. తిన్నది వాంతి చేసుకునేది. ఆ వాంతి చూసి నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నాయినమ్మ తలుపు మూసి ఏదో అడిగింది. అక్క మల్లన్న మీద ఒట్టు పెట్టుకుంది. ఒట్టు పెట్టుకున్నందుకు దెబ్బలు పడ్డాయి. మంత్రసానిని పిలిపిస్తే ఆమె నొక్కి చూసి, "గట్టిగున్నది, నాకేం సమజైతలేదు" అని వెళ్లిపోయింది. సమజు కాలేదన్న మాటను ఊరు తనకు కావాల్సినట్టు సమజు చేసుకుంది. కొండాపూర్ వాళ్లు కబురు పంపి తప్పుకున్నారు. దవాఖానకు తీసుకుపోతే పదిమందికి తెలుస్తుందని నాయిన తీసుకుపోలేదు. అప్పటికే పదిమందికీ తెలిసిందని ఆయనకు ఎవరు చెప్పాలి? అక్క చేతి నీళ్లు తాగడం మానేశాడు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. అమ్మ ఎప్పటిలాగే పెంటికలు ఊడ్చేది, గట్క కలిపేది. నోరు తెరిచి కూతురి వైపు ఒక్క మాట అనడం నేను వినలేదు. తల్లి కూడా నమ్మిందంటే నిజమే అయ్యుంటుందని అనుకున్నాను.

అక్క పోయిన రోజు నేను ఆమె వెంటే ఉన్నాను. గొర్రె పిల్లలకు తుమ్మకొమ్మలు నరుక్కుని, మోపు నెత్తిన పెట్టుకుని బండ మీది నుంచి దిగుతున్నాం. రాత్రి వాన పడి బండ జారుడుగా ఉంది. ఆమె కాలు జారి బోర్లా పడింది, మోపు ఆమె మీద పడింది. నేను మోపు పక్కకు లాగితే లేచి కూర్చుంది. నవ్వింది కూడా. నాలుగడుగులు వేశాక, "సత్తెవ్వా, ఒళ్లంత మంట పుడుతున్నదే" అంది. మెడ, చేతులు, మొహం అంతా ఎర్రగా దద్దులు లేచాయి. పెదవులు వాచాయి. ఊపిరి పీల్చుకోలేక నోరు తెరిచి నా చేయి పట్టుకుంది. నేను అరిచిన అరుపుకు అమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె వచ్చేసరికి అయిపోయింది. ఆ ఎర్రటి దద్దులు చూసి, అందరూ విషమన్నారు. పసరు మింగింది, అది వికటించిందన్నారు. పడ్డదని నేను చెబితే పడితే ఎవరైనా ఎర్రగా అవుతారా అని నా నోరు మూయించారు. ఆమెను మా వాళ్లను పూడ్చే చోట కాకుండా చెరువు కట్ట అవతల పెట్టారు. నాయిన రాలేదు. మూడో రోజు ఏమీ చేయలేదు. అన్నకు మొదట ఆడపిల్ల పుట్టినప్పుడు అమ్మ, "లచ్చవ్వ పేరు పెడుదాం" అని ఒక్కసారి అంది. నాయిన తింటున్న పళ్లెం విసిరేశాడు. నాయిన పోయేటప్పుడు కూడా ఆ పేరు ఆయన నోట రాలేదు.

ఇప్పుడు అన్న అక్కడే, మా పాత దొడ్డి ఉన్న చోటుకు కాస్త పక్కన, అపార్టుమెంటులో ఉంటాడు. జాగ ఇచ్చినందుకు బిల్డరు ఇచ్చిన ఫ్లాటు. అమ్మ ఆయన దగ్గరే. ఆ లిఫ్టులో నాకు ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కనపడుతుంటుంది, తెల్లటి బొచ్చు కుక్కతో. డాక్టరు దగ్గరికి పోయొచ్చిన వారంలోనే లిఫ్టులో ఆ అమ్మాయి ఫోను మోగింది, అదేదో గుర్తుచేసే మోత. "ఈ రోజు వీడి డీవార్మింగ్ ఆంటీ, పనీర్‌లో పెట్టి ఇస్తే గాని మింగడు" అని నవ్వింది. పురుగుల గోలీ అన్నమాట. నేను నవ్వలేకపోయాను. ఆ కుక్క జన్మలో గొర్రెను చూసి ఉండదు. అయినా దాని కడుపు శుభ్రంగా ఉంది. ఆ పిల్లదేం తప్పు, ఆమెకు చెప్పారు, ఆమె విన్నది. నేనే ఆ లిఫ్టులో నిష్కారణంగా ఆమె మీద మండిపడుతూ నిలబడ్డాను.

అపార్టుమెంటు వెనక ఇంకా కట్టని ఖాళీ ప్లాట్లలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక మంద మేస్తుంటుంది. వెంట రెండు కుక్కలు. ఆదివారం సందు చివర మటన్ షాపు వాడు పారేసే ముక్కలకు అవి ముందుగానే పోయి కూర్చుంటాయి. అన్న ఒక పొద్దు నన్ను తీసుకుని ఆ కాపరి దగ్గరికి పోయాడు. "తమ్మీ, గీ కుక్కలకు పురుగుల గోలీలు ఎయ్యి. పశువుల దవాఖానల అడుగు. షాపు ముక్కలు తిననియ్యకు" అన్నాడు. ఆ మనిషి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "కుక్కలు మంచిగనే ఉన్నయ్ గద పెద్దయ్యా. జర గొర్లకే పానం బాగుంటలేదు" అన్నాడు. అన్న తన డొక్క మీద చేయి వేసి చూపించి, బుగ్గ సంగతి మొదటి నుంచి చెప్పాడు. ఆయన తలూపాడు. "అట్లనే పెద్దయ్యా" అన్నాడు. ఆ అట్లనే ఎలాంటిదో మా ఇద్దరికీ తెలుసు. అటు తర్వాత పోయి చూస్తే ఆ కుక్కలు మటన్ షాపు ముందే ఉన్నాయి. ఇన్ని అద్దాల మేడలు లేచాయి గానీ ఆ మాట మాత్రం అక్కడి నుంచి కదలలేదు.

ఆపరేషన్ దగ్గరపడే కొద్దీ నాకూ అన్నకూ ఒకటే తగువు. అమ్మకు చెప్పాలని నేను, వద్దని ఆయన. "కుక్కకు పెట్టింది అమ్మనే గద సత్తెవ్వా. ఎనభై దాటినంక గీ మాట ఎట్ల చెప్తవే?" అనేవాడు. అది నాకు తోచకపోలేదు. బుగ్గ అని చెప్పి, కుక్క అని చెప్పకుండా వదిలేయవచ్చు. కానీ అమ్మ సంగతి మాకు తెలుసు, ఏదైనా మొదలు నుంచి అడుగుతుంది. అయినా ఒక తల్లి తన కూతురు తప్పు చేసి చచ్చిందనుకుంటూ ఇన్నేళ్లు బతికితే, ఆ ముల్లు తీయకుండా ఆమెను పంపిస్తామా? లచ్చక్క మీద పడ్డ మచ్చను తుడిచే అవకాశం ఈ భూమ్మీద ఇక అమ్మ దగ్గరే మిగిలింది. మిగతా వాళ్లంతా పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కదా, నిజం చెబితే మంచే జరుగుతుందని నాకొక మొండి నమ్మకం. అన్న చివరికి, "నువ్వే చెప్పుకో, నేను గదిలకెల్లి రాను" అన్నాడు.

అమ్మ వంటింట్లో కింద కూర్చుని గోంగూర తుంచుతోంది. నేను పక్కన కూర్చుని నాలుగు కాడలు అందుకున్నాను. ఆమే అడిగింది, "మల్లిగాని కడుపుల ఏమున్నదట?" అని. నీళ్ల బుగ్గ అన్నాను. లచ్చక్కకు కూడా అదే ఉండె, కడుపుల పిల్ల లేదు, పసరు మింగలేదు, బండ మీద పడితే లోపల బుగ్గ పగిలి పోయింది అన్నాను. ఆమె చేయి ఆగలేదు. ఎట్ల వచ్చిందట అంది. చెప్పాను. మోదుగాకు, కర్రెగాడు, గడ్డి, దాని వెంట్రుకలు, ఆ తెల్ల గోలీలు, అన్నీ చెప్పాను. చెప్పేది అయిపోయాక కూడా ఆమె కాసేపు ఆకులు తుంచుతూనే ఉంది.

"పిల్ల లేదని నాకెరుకే" అంది.

నాకు వినపడింది గానీ అర్థం కాలేదు. ఆమె తల ఎత్తలేదు. "నెలనెల దాని బట్టలు పిండింది ఎవరనుకున్నవ్? నేనే గద. అది సచ్చిన నెల గూడ పిండిన. కడుపున్న పిల్లకు బట్టలెందుకైతయ్?"

"నాయినకు చెప్పలేదానే?"

"చెప్పిన. నీ నాయినమ్మకు గూడ చెప్పిన. బిడ్డను ఎనకేసుకొస్తున్నవ్ అన్నరు. ఇంకొక్క మాట మాట్లాడితే మీ ఇద్దరిని ఇంట్లకెల్లి ఎల్లగొడ్త అన్నడు. చిన్నపిల్లవు నువ్వున్నవ్, మల్లిగాడున్నడు. ఇగ ఎవలకు చెప్పాలె?"

మరి ఇన్నేళ్లు మాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీరెన్నడన్న అడిగిన్రా?" అంది. అందులో నిష్ఠూరమేమీ లేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే. తుంచిన ఆకంతా గిన్నెలోకి తోసి, కాడలు ఒక పక్కకు ఎత్తిపెట్టింది. ఆ తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు మెల్లగా అంది. "దాని కడుపు ముచ్చట నాకెప్పటికెల్లో ఎరుకే బిడ్డా. గీ కుక్క ముచ్చటనే ఎరుకలేకుండె. నా చెయ్యితోనే పెడితి గద."

నేను ఏదో అన్నాను. నీకేం తెలుసమ్మా అన్నాను, ఊరంతా అదే చేసింది అన్నాను, దేవుడి వాటా అని కదా పెట్టావ్ అన్నాను. ఆమె వింటున్నట్టు తలూపింది. ఆమెకు తెలియదనుకుని నేను మోసుకొచ్చిన మాట ఆమెకు ముందే తెలుసు. తెలియనిది ఒక్కటే, దాన్ని నేను చెప్పి వచ్చాను.

అన్న ఆపరేషన్ బాగానే జరిగింది. బుగ్గ పగలకుండా తీశారట. ఇప్పుడు తింటున్నాడు, అరుగుతోంది. అమ్మ మాత్రం ఎవరికీ అన్నం పెట్టడం మానేసింది. ఎప్పుడూ ఆమె చేతి ముద్దకే అలవాటు పడ్డ మునిమనవడు వచ్చి ఎదురుగా నోరు తెరిచి కూర్చుంటాడు. ఆమె చేతులు రెండూ కొంగు కిందికి లాక్కుని, "మీ అమ్మ పెడ్తది పో నాయినా" అంటుంది.